చుట్టానికని కడిగిన తొట్టి

కొల్లేరు వైపు వెళ్ళొచ్చానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "పక్షులు చూశారా?" అని. చూడలేదు. మూడు రోజులు ఆ చుట్టుపక్కల తిరిగి నేను చూసినవి ఆస్పత్రి రిజిస్టర్లు, నీళ్ళ ట్యాంకులు, ఒక ఐసు ఫ్యాక్టరీ. పక్షుల కోసం చదివేవాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు. నేనేమీ అనుకోను.

నేను పుట్టింది ధర్మవరం పక్కన ఒక పల్లెలో. ఉద్యోగం హైదరాబాదులో, ఒక ల్యాబులో. నీళ్ళలో ఏ సూక్ష్మజీవి ఉందో చూడటం నా పని. గుక్కెడు నీళ్ళ కోసం ట్యాంకరు వెనక పరుగెత్తిన ఊరి మనిషికి దేవుడు ఇలాంటి ఉద్యోగం ఇవ్వడం ఒక వెక్కిరింత అనుకోండి. ఆ ఏడాది మా ల్యాబుకు లీజియనేర్స్ జబ్బు మీద నిఘా పెట్టే పని అప్పగించారు. పేరు నోరు తిరగనిదే గానీ సంగతి కష్టమైనదేమీ కాదు. అదొక రకం న్యుమోనియా. దాన్ని తెచ్చే సూక్ష్మజీవి గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్ళలో, నాచులో, పైపుల జిగురులో పెరుగుతుంది. ఆ నీళ్ళు సన్నటి తుంపరగా మారి ఊపిరితో లోపలికి వెళ్తే అంటుకుంటుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. యాభై దాటినవాళ్ళనీ పొగ తాగేవాళ్ళనీ ముందు పట్టుకుంటుంది. మందు ఉంది. కానీ మామూలు న్యుమోనియాకు పొడిచే సూదులు దీనికి పనిచేయవు, వేరే మందు ఇవ్వాలి. అంటే ముందు డాక్టరుకు అనుమానం రావాలి. ఎక్కడెక్కడ వస్తోంది, ఏ కాలంలో, ఏ నీళ్ళ వల్ల అని ఎవరో ఒకరు లెక్క చూస్తూ ఉంటే తప్ప ఆ అనుమానం రాదు. మన దగ్గర ఎవరూ వెతకలేదు కాబట్టి, మన దగ్గర లేదనే అందరూ అనేవాళ్ళు.

ఆ వేసవిలో ఏలూరు డాక్టరు ఒకాయన ఒక రోగి మూత్రాన్ని ఐసు ఫ్లాస్కులో పెట్టి మాకు పంపాడు. పరీక్షలో ఆ జబ్బేనని తేలింది. ఫలితం ఏలూరు చేరేసరికి మనిషి పోయాడు. పేరు రాంబాబు, ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీ ఆపరేటరు. అందుకని నేను బయలుదేరాను.

బయలుదేరే ముందు మా ఆఫీసు పద్ధతి ప్రకారం ఆ ఊళ్ళ ఆఫీసులన్నిటికీ టూరు ఉత్తరం పంపాను. ఫలానా తేదీన ఫలానా చోటికి నీళ్ళ నమూనాల కోసం వస్తున్నాను, సహకరించగలరు అని. నా చేత్తోనే రాశాను, నా చేత్తోనే స్టాంపు అంటించాను. ఈ ఉత్తరం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఏలూరు

రైలు దిగేసరికి తెల్లవారి ఆరు. అప్పటికే జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. మా వైపు ఎండ కాలుస్తుంది, ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది. స్టేషను బయట గొడుగు పట్టుకుని ఏసుదాసుగారు నిలబడి ఉన్నారు. ఆయన ఇక్కడ హెల్త్ సూపర్‌వైజరు. రిటైర్‌మెంటుకి రెండేళ్ళు, తెల్ల చొక్కా, ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు.

"ప్రయాణం బాగా జరిగిందాండీ? ముందు టిఫిన్ చేద్దామండీ. జబ్బులెక్కడికి పోతాయండీ, అక్కడే ఉంటాయి," అన్నారు.

పెసరట్టులో ఉప్మా పెట్టించారు. ప్లేటు పన్నెండు రూపాయలు. అల్లం పచ్చడి నాలిక మీద వేసుకుంటే తియ్యగా తగిలింది. "ఇదేమిటి, పచ్చడిలో బెల్లం?" అన్నాను. "కారం మరీ ముందుకొచ్చేస్తే బాగోదండీ," అన్నారాయన. ఆ ఊళ్ళలో మాట కూడా అంతే. కారం ఉన్నా ముందుకు రానివ్వరు.

ఆస్పత్రి రిజిస్టర్లు తిరగేయడానికి మధ్యాహ్నం దాటింది. జబ్బు పేరు రాయాల్సిన గడిలో "జ్వరం, ఆయాసం" అని ఉంది. పోయినవాళ్ళ దగ్గర "గుండె ఆగి" అని ఉంది. గుండె ఆగకుండా ఎవరు పోయారు నాయనా! పేజీల్లోంచి ఒక్కొక్కరినీ ఏరుకుని, వాళ్ళ ఊరూ పనీ నెలా ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. తాడేపల్లిగూడెంలో ఒకే లాడ్జిలో దిగిన ఉల్లిపాయల వ్యాపారులు ఇద్దరు. ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ చుట్టుపక్కల ముగ్గురు. అందరూ ఎండాకాలంలోనే వచ్చారు. ముదినేపల్లి వాళ్ళు కూడా ఉండాలే, కొల్లేటికి అవతల ఒడ్డేగా, అని వెతికితే ఒక్కరూ కనపడలేదు.

"వాళ్ళు కృష్ణా జిల్లాలోకి పోతారండీ," అన్నారు ఏసుదాసుగారు. "వాళ్ళ రిజిస్టరు వేరండీ."

కొల్లేరు ఒక్కటే, రిజిస్టర్లు రెండు. ఈ గట్టు మీద దగ్గినవాడి సంగతి ఆ గట్టు వాళ్ళకు తెలియదు. ఇదీ మన నిఘా.

బయట బెంచీ మీద రాంబాబు భార్య సత్యవతి కూర్చుని ఉంది. ప్రశ్నలు అడగాలని ఏసుదాసుగారే పిలిపించారు. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో. మొగుడు పోయి నెలన్నర. అయినా మాకోసం తాటిముంజలు తెచ్చింది, తడిగుడ్డలో చుట్టి. "ఎండలో వచ్చారు కదండీ, చలవ చేత్తాయండీ," అని చేతిలో పెట్టింది. ఆ మనిషి ముందు నా పన్నెండు పేజీల ప్రశ్నల కాగితం విప్పాను. ఎక్కడో విదేశంలో తయారైతే మావాళ్ళు తెలుగు చేయించిన కాగితం అది.

"చివరి పది రోజుల్లో ఆయన ఓడలో ప్రయాణం చేశారా?"

"లేదండీ. పడవండీ. అదీ ఎప్పుడోనండీ."

"వేడినీళ్ళ తొట్టెలో కూర్చుని స్నానం చేశారా?"

ఆమె ఏసుదాసుగారి వైపు చూసింది. "చెంబుతోనే పోసుకునేవారండీ," అంది.

"హోటలు గదిలో బస చేశారా?"

"పెళ్ళికి ముందు ఒకసారి బెజవాడలో ఉన్నారంటండీ. అది కూడా రాయమంటారా?"

పన్నెండు పేజీల్లో ఎక్కడా ఐసు ఫ్యాక్టరీ అన్న మాట లేదు. ఛీ, అని కాగితం పక్కన పెట్టి మామూలుగా అడిగాను, ఆయన రోజంతా ఎక్కడ ఉండేవాడమ్మా అని. అప్పుడు చెప్పింది. ఫ్యాక్టరీ పక్కనే కూలింగ్ టవరు ఉంటుందట. మిషను వేడెక్కించిన నీళ్ళు పైనుంచి చెక్క తడికెల మీదుగా జల్లులా పడి, చల్లారి, కింద తొట్టిలో చేరతాయి. అక్కడి నుంచి పంపు మళ్ళీ పైకి తోస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం పనివాళ్ళూ లారీ డ్రైవర్లూ మంచాలు తెచ్చుకుని ఆ జల్లు పక్కన పడుకుంటారు. ఊళ్ళో ఫ్యాను లేనివాళ్ళు కూడా వస్తారు. "ఏసీలా ఉంటదండీ అక్కడ. యజమానిగారు ఎవరినీ పొమ్మనరండీ," అంది.

నేను రాసుకోవడం అయిపోయాక ఆమె లేవలేదు. "మేడంగారండీ, నేనొకటి అడగొచ్చాండీ?" అంది. "ఇంట్లో మనిషి పోయాడని, ఆ పని ఇంటి మనిషికే ఇచ్చారండీ యజమానిగారు. మా బావగారు చేరారండీ. ఆయనది ముదినేపల్లండీ, మాకోసం అక్కడి పని మానుకుని వచ్చేశారు. ఇప్పుడు నాకూ పిల్లకీ ఆయనే దిక్కండీ. ఆయన్ని ఆ పనిలో ఉండనిమ్మంటారా, మాన్పించమంటారా? మీరు ఏదంటే అదేనండీ."

"ఆయనకి వయసెంత?"

"యాభై అయిదుంటాయండీ."

"చుట్ట తాగుతాడా?"

"రోజుకి నాలుగండీ."

మాన్పించెయ్యి అని నోటిదాకా వచ్చింది. కానీ నీళ్ళు పరీక్ష చేయకుండా ఎవరికీ ఏ మాటా చెప్పకూడదని మాకు రూలు. ఎవరి బతుకుతెరువైనా మా మాట మీద పోతే మా పై అధికారి అడుగుతాడు, ఆధారమేది అని. అందుకని, "ఎల్లుండి నేనే మీ ఊరు వస్తానమ్మా. ఆ నీళ్ళు పట్టుకెళ్ళి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్తాను," అన్నాను.

"మీరే వత్తారాండీ? మా ఊరు?" అంది. అంతసేపట్లో ఆ మొహం వెలగడం అప్పుడే చూశాను.

తాడేపల్లిగూడెం

మర్నాడు పాసింజరులో గూడెం. ఊరి గాలి నిండా ఉల్లిపాయల వాసన. లారీల్లోంచి బస్తాలు దింపుతూనే ఉన్నారు. ఆ వ్యాపారులు దిగిన లాడ్జి మార్కెట్టుకి దగ్గరలోనే ఉంది. గది రెండు వందలు. ప్రతి గదిలోనూ షవరు ఉందని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు.

మేనేజరుగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. కొత్త చొక్కా, నుదుట బొట్టు. మెట్లెక్కి మేడ మీదికి తీసుకెళ్ళి, ట్యాంకు ముందు పెళ్ళికూతుర్ని చూపించినట్టు పక్కకు తప్పుకున్నారు. ట్యాంకుకి సున్నం వేశారు. మూత చుట్టూ ముగ్గు పెట్టారు. సున్నం వాసన కంటే ముందు బ్లీచింగు వాసన నా ముక్కు పగలగొట్టింది.

"మీరు వస్తున్నారని మున్సిపాలిటీవాళ్ళు లాడ్జీలన్నిటికీ ఉత్తరం చూపించారండీ. చూడగానే నిన్న మనుషుల్ని పెట్టించి కడిగించామండీ. పైపుల్లో కూడా బ్లీచింగు పోయించాం. హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరుగారు వస్తుంటే మురికి ట్యాంకు చూపిస్తామాండీ?"

"ఏం పని చేసినారయ్యా ఇది!" అని అరిచాను. కోపం వస్తే నా నోట్లోంచి మా ఊరి మాటే వస్తుంది. "నేను చూడటానికి వచ్చింది ఆ మురికినే!"

ఆయన నిర్ఘాంతపోయారు. పాపం, ఆయనకేం తెలుసు? బ్లీచింగు పోస్తే నీళ్ళలో ఉన్నవి చస్తాయి. పైపు లోపలి జిగురులో దాక్కున్నవి బతికే ఉంటాయి. కొన్ని వారాల్లో మళ్ళీ మొదటికొస్తాయి. కానీ ఆ రోజు పట్టిన సీసాలో మాత్రం ఏమీ కనపడదు. ఇంటికి పోలీసులు వస్తున్నారని దొంగకి కబురు పంపి, ఇంట్లో దొంగ లేడని రాసుకున్నట్టే.

"మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందాండీ?" అని మెల్లగా అడిగారు మేనేజరుగారు. ఈలోగా ఎవరో కాఫీ పట్టుకొచ్చారు. ఆ గొంతు విన్నాక, పొగలు కక్కుతున్న ఆ గ్లాసు చూశాక ఇంకేం అరుస్తాం? తాగాను. సీసాలు నింపాను. ఉత్తరం రాసిన నా చేతిని తిట్టుకున్నాను.

భోజనం దగ్గర కూడా నా కోపం దిగలేదు. మామిడికాయ పప్పు, గుత్తొంకాయ, గడ్డ పెరుగు. తింటూనే ఏసుదాసుగారి మీద పడ్డాను. "మీరైనా చెప్పొద్దా, కడగొద్దని?"

"చుట్టం వస్తుంటే కడుక్కోవద్దని ఎలా చెప్తామండీ?" అన్నారాయన.

మా వైపు చుట్టం వస్తున్నాడంటే ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపి పెడతారు. చుట్టం కాళ్ళు కడుక్కోవడానికి రెండు చెంబులిచ్చామంటే అదే పెద్ద మర్యాద. ఇక్కడ చుట్టం వస్తున్నాడంటే నీళ్ళు గుమ్మరించి ఇల్లంతా కడుగుతారు. నీళ్ళున్న ఊరి మర్యాద ఒకటి, నీళ్ళు లేని ఊరి మర్యాద ఒకటి. నేను మా ఊరి మర్యాద ఒక్కటే తెలుసుకుని ఉద్యోగంలోకి వచ్చాను.

"ఆకివీడులో ఆ ఫ్యాక్టరీకి మాత్రం చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను," అన్నాను.

"ప్రభువు సాక్షిగా చెప్పలేదండీ. ఉత్తరంలో కూడా ఊరి పేరే ఉంది గానీ ఫ్యాక్టరీ పేరు లేదండీ," అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. పెరుగులో ఇంకాస్త అన్నం కలుపుకున్నాను.

గణపవరం మీదుగా

మూడో రోజు బస్సు. గణపవరం దాటాక పొలాలు తగ్గి చెరువులు మొదలయ్యాయి. రోడ్డుకి రెండు వైపులా నీళ్ళే, మధ్యలో గట్లు, గట్ల మీద మేత బస్తాలు. కొల్లేటిలోకి చొచ్చుకుపోయిన చెరువుల గట్లు కొట్టేసి అప్పటికి ఏడాది అయింది. బస్సంతా అవే కబుర్లు. ఎవరికి ఎంత పోయిందో, ఎవరు మళ్ళీ వేసుకున్నారో.

నా పక్కన కూర్చున్న పెద్దాయన కాళ్ళ మధ్య ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను పెట్టుకున్నాడు. "ఇన్ని నీళ్ళ మధ్య నీళ్ళు మోసుకెళ్తున్నారేమిటండీ?" అన్నాను.

"ఇవి చేపలకండీ. మాకు ఇదండీ," అని టిన్ను మీద తట్టాడు. "మీదే ఊరండీ?"

"ధర్మవరం వైపు."

"అక్కడ వానలు పడతాయాండీ?"

"పడితే పేపర్లో వేస్తారు."

ఆయన నవ్వలేదు. "అయ్యో," అన్నాడు జాలిగా, నిజంగానే. దిగేటప్పుడు ఆ టిన్నులోంచే ఒక గ్లాసు నీళ్ళు వంచి నాకిచ్చి దిగాడు. అది తాగుతూ, ఈ మనుషుల మీద కోప్పడ్డానే నిన్న, అని సిగ్గుపడ్డాను.

ఆకివీడు

ఐసు ఫ్యాక్టరీ సందులోకి తిరగకముందే తెలిసిపోయింది. ముక్కు చెప్పింది. అదే బ్లీచింగు. ఎవరింట్లోదో అయి ఉంటుందిలే అనుకుంటూ నాలుగడుగులు వేశాను. ఫ్యాక్టరీ ముందు వాకిలి కళ్ళాపి చల్లి ఉంది. ప్లాస్టిక్ కుర్చీ మీద ఉతికిన తువ్వాలు పరిచారు. కుర్చీ పక్కన ఇస్త్రీ చీర కట్టుకుని సత్యవతి.

"రండి మేడంగారండీ. మీరు మా మాట విని ఇంత దూరం వత్తున్నారు కదా అని, మా బావగారితో చెప్పి తొట్టంతా కడిగించానండీ. ఆయన ఉన్నప్పుడు కూడా ఇంత శుభ్రంగా లేదండీ," అంది.

ఏసుదాసుగారు తల దించుకున్నారు. ఆయన చెప్పలేదు. ఉత్తరమూ చెప్పలేదు. ఎల్లుండి వస్తానని చెప్పింది నేను. పుణ్యానికి పోతే పాపం ఎదురవడం అంటే ఏమిటో ఆ వాకిట్లో నిలబడి తెలుసుకున్నాను.

పెద్దిరాజుగారు లోపల్నుంచి వచ్చారు. రాంబాబు అన్న. బక్కపలచని మనిషి, చెవి మీద సగం కాల్చిన చుట్ట. అరచేతులు బ్లీచింగుకి పొరలు పొరలుగా ఊడి ఉన్నాయి. నన్ను టవరు దగ్గరికి తీసుకెళ్ళారు. తడికెలు తెల్లగా మెరుస్తున్నాయి. తొట్టి అడుగున సిమెంటు గీతలు కనిపిస్తున్నాయి. పైనుంచి జల్లు పడుతూనే ఉంది. ఆ తుంపర నా కళ్ళజోడు మీద కూడా పడింది.

"ఎలా కడిగారు?" అని అడిగాను.

"నిన్న పొద్దున్నించి సాయంత్రం దాకా లోపలే ఉన్నానండీ. పంపు ఆపితే ఐసు ఆగిపోద్దండీ. లారీలు నిలబడిపోతాయి. అందుకని జల్లు పడుతుండగానే అందులో కూర్చుని కొబ్బరిపీచుతో రుద్దేశానండీ. ఎంత నాచండీ బాబూ! గంపలకి గంపలు తీశాను."

"మూతికి గుడ్డ కట్టుకున్నారా?"

"ఎందుకండీ? చల్లగా హాయిగా ఉందండీ."

ఆ నాచును రుద్దేటప్పుడు లేచే తుంపర కంటే ప్రమాదం ఇంకోటి లేదు. మా పుస్తకాల్లో అన్నిటికంటే ముందు రాసేది అదే. టవరు ఆపకుండా, మూతికి గుడ్డ లేకుండా ఎవరూ కడగకూడదని. జబ్బు బయటపడటానికి రెండు రోజుల నుంచి పది రోజులు. మనసులో వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పీకిన నాచు ఎక్కడ పారేశారంటే పంట కాలువలోనట. కాలువ గట్టున వెతికాను, ఒక్క పోగు దొరకలేదు. పంపు మూతి కింద, తడికెల సందుల్లో, మూలల్లో దూదిపుల్లలు పెట్టి తిప్పాను. ఎక్కడ చూసినా శుభ్రం. అంత మనసు పెట్టి కడిగాడు మహానుభావుడు. సీసాలు నింపుకున్నాను. పోరా ఖర్మా, అనుకున్నాను.

అప్పుడు చెప్పాల్సింది. "అమ్మా, నువ్వు కడిగించడం వల్ల నాకు ఏమీ దొరకదు. ఈ నీళ్ళు శుభ్రమని నేను రాసినా నమ్మకు. మీ బావగారిని ఈ పూటే మాన్పించు." ఇంతే, మూడు మాటలు. కానీ సత్యవతి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి అరిటాకు వేసి, మామిడికాయ వేసిన కొరమీను పులుసు వడ్డిస్తూ నా మొహంలోకి చూస్తోంది, బాగుందంటానా అని. మనిషి పోయిన నెలన్నర తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి వండిన పులుసట అది. చెప్పలేకపోయాను. మొహం మీద కొట్టినట్టు చెప్పడం తప్ప ఇంకోటి రాని ధర్మవరం మనిషిని, ఆ ఒక్క పూటా గోదావరి మర్యాద నేర్చుకున్నాను. నేర్చుకోకూడని చోట నేర్చుకున్నాను. పైగా రెండోసారి పులుసు పోయించుకున్నాను, సిగ్గులేని నాలుక.

చేసిందల్లా ఒకటే. ఒక చీటీ మీద జబ్బు పేరూ మందు పేరూ రాసి సత్యవతి చేతికిచ్చాను. "మీ బావగారికి జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఏలూరు తీసుకెళ్ళి ఈ చీటీ డాక్టరుకి చూపించు," అన్నాను. ఆమె ఆ చీటీని కళ్ళకద్దుకుని, రాంబాబు ఫొటో ఉన్న రేకు డబ్బాలో పెట్టింది.

"మరి పని మాన్పించొద్దాండీ?" అని బస్సు దగ్గర మళ్ళీ అడిగింది.

"ఫలితం రానివ్వమ్మా," అన్నాను.

తిరిగొచ్చాక

ల్యాబులో ఆ నీళ్ళు చల్లిన గాజు పళ్ళేలను పది రోజులు చూశాను. ఏ పళ్ళెంలోనూ ఏమీ మొలవలేదు. గూడెం నీళ్ళూ అంతే, ఆకివీడు నీళ్ళూ అంతే. ఫారం అంచున నా చేత్తో రాశాను, "ఇవి బ్లీచింగుతో కడిగిన మర్నాడు పట్టిన నీళ్ళు" అని. టైపయి వచ్చిన కాగితంలో ఆ మాట లేదు. అడిగితే, "ఉందా లేదా అని రెండే గడులు మేడం. మీ మాట ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు టైపు చేసినాయన. గొడవ పెట్టుకోవలసింది. పెట్టుకోలేదు. ఫోను చేసి ఏసుదాసుగారికి నోటితో చెబుదాంలే అనుకుని సంతకం పెట్టాను. కాగితం ఆ పూటే ఫ్యాక్సులో ఏలూరు వెళ్ళిపోయింది. ఆ రోజు ఫోను చేయలేదు, మర్నాడూ చేయలేదు.

ఫోను ఆయనే చేశారు. పెద్దిరాజుగారు పోయారు.

తొట్టి కడిగిన తొమ్మిదో రోజున జ్వరం మొదలైందట. ఊళ్ళో సూదులు పొడిపించుకుంటూ నాలుగైదు రోజులు గడిపారు. తర్వాత ఆయాసం ఎక్కువై ఏలూరు చేర్చారు. రెండు రోజులు ఉన్నారట. "మూత్రం తీసి పంపించారా?" అని అడిగాను. "ఆ నీళ్ళలో ఆ జబ్బు లేదని మన కాయితమే వచ్చింది కదండీ," అన్నారు ఏసుదాసుగారు. రిజిస్టరులో "జ్వరం, ఆయాసం" అని రాశారు. మా పట్టికలో కొల్లేటి ప్రాంతపు నీళ్ళకు ఎదురుగా సున్నా ఉంది. రాంబాబు ఒక్కడు మాత్రం "ఎక్కడ అంటిందో తెలియదు" అన్న వరసలో మిగిలాడు. అన్న అందులో కూడా లేడు.

వారం ఆగి ధైర్యం చేశాను. ఫ్యాక్టరీ పక్క టీ కొట్టు నంబరు తీసుకుని సత్యవతిని పిలిపించాను.

"జ్వరం రాగానే డబ్బా తీశానండీ," అంది. "బావగారు ఇవాళా రేపూ చూద్దామంటూ వచ్చారు. నేను చీటీ చేత్తో పట్టుకునే ఉన్నానండీ. ఇంతలో ఏసుదాసుగారు మీ కాయితం తెచ్చి చదివారు. అది లేదన్నారు కదండీ, ఇంకెందుకులే అని మళ్ళీ డబ్బాలో పెట్టేశానండీ."

ఆమే మళ్ళీ అడిగింది. "మేడంగారండీ, ఆ రోజు మీరొచ్చినప్పుడు తొట్టి శుభ్రంగానే ఉంది కదండీ? మా బావగారు పనిలో లోటేం చెయ్యలేదు కదండీ?"

"చాలా శుభ్రంగా ఉందమ్మా," అన్నాను. పోయినవాడి గురించి ఆ మాటైనా ఇవ్వకపోతే ఎలా?

"అదేనండీ యజమానిగారు కూడా అన్నారు. అందుకే ఇంటి మనిషికే మళ్ళీ ఇత్తానన్నారండీ. మా తమ్ముడు వత్తున్నాడు, సోమవారం చేరతాడండీ."

"వద్దు! పంపొద్దు!" అని అరిచాను. ల్యాబులో అందరూ తలెత్తి చూశారు.

"అదేంటండీ?" అంది ఆమె, ఎప్పటిలాగే మెత్తటి గొంతుతో. "శుభ్రంగా ఉందని ఇప్పుడే అన్నారు కదండీ."

ఇంక దాచడానికి నాకేం మిగల్లేదు. చెప్పేశాను. కడిగితే సీసాలో ఎందుకు కనపడదో చెప్పాను. నాచు రుద్దుతుంటే లేచిన తుంపర గురించి చెప్పాను. ఆ కాగితం అబద్ధం కాదు గానీ నిజమూ కాదని చెప్పాను. తమ్ముడు ఆ తొట్టి దగ్గరికి పోతే మళ్ళీ ఇదే జరగవచ్చని చెప్పాను. అటువైపు టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అంటే, నేనే కదండీ?" అంది చివరికి.

"కాదమ్మా. వస్తానని చెప్పింది నేను," అన్నాను. అప్పటికే ఫోను పెట్టేసింది. నా మాట విన్నదో లేదో ఇప్పటికీ తెలియదు.

తమ్ముడు ఆ పనిలో చేరలేదని ఏసుదాసుగారు తర్వాత చెప్పారు. ఇంకెవరో చేరారు. మధ్యాహ్నాలు జల్లు పక్కన మంచాలు వేస్తూనే ఉన్నారట.

ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను. ఎక్కడికీ వస్తున్నానని ముందు చెప్పను. ఉత్తరం రాయను, ఫోను చేయను, తలుపు తోసుకుని సీసాలతో లోపలికి వెళ్ళిపోతాను. మర్యాద తెలియని మనిషి అంటారు నన్ను. అననీ.